సిరిసిల్లవ్వ సమాధానం

సిరిసిల్లవ్వ గుడిలో మాట్లాడడం మానేసింది నా వల్ల. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పాపసంకీర్తనంలో ఫాదర్‌కు చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. కోరుట్లలో మా గుడికి వచ్చే వాళ్ళంతా అది ఫాదర్ వల్ల జరిగిందనుకుంటారు. ఫాదర్ కూడా అలాగే అనుకుంటున్నారు.

మొన్న సమాధుల పండుగ నాడు అందరం బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని మా శ్మశానానికి వెళ్ళాం. అవ్వ సమాధికి ఇంకా సిమెంటు పడలేదు, మట్టి దిబ్బే. తలవైపు మా బాపు పాతిన కొయ్య శిలువ ఉంది. బాపు గుడిలో ఉపదేశి. ఫాదర్ వెళ్ళలేని ఊళ్ళలో ప్రార్థన నడిపేదీ, కొత్తవాళ్ళకు జపాలు నేర్పేదీ ఆయనే. దిబ్బ మీద కొవ్వొత్తి పెట్టి అందరూ కాసేపు నిలబడ్డారు.

"పాపం, ఎంత మాట్లాడే మనిషి. ఫాదర్ గట్ల అన్నంక మల్ల నోరే తెరవలే," అంది వెనక నుంచి ఒకామె.

ఫాదర్ నా పక్కనే ఉన్నారు. ఆయన గుంటూరు వైపు మనిషి. ఆ మాట విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను నవ్వుతూనే అన్నానమ్మా. ఆమె మనసులో పెట్టుకుంటుందనుకోలేదు," అన్నారు.

అప్పుడైనా నేను చెప్పాల్సింది. గాలికి కొవ్వొత్తి ఆరిపోయింది. వంగి మళ్ళీ వెలిగించాను. నేను చేసింది అంతే.

అవ్వకు మెల్లగా మాట్లాడడం చేతకాదు. పెళ్ళయి సిరిసిల్ల వచ్చినప్పటి నుంచీ సాంచాల మధ్యే బతికింది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఒకే షెడ్డులో వరసగా సాంచాలు ఆడుతుంటే పక్క మనిషికి చెప్పాలన్నా అరవాల్సిందేనట. సాంచాలు విడిచి కోరుట్ల వచ్చి బీడీలు చుట్టుకునేటప్పుడు కూడా ఆమె గొంతు ఆ షెడ్డులోనే ఉండిపోయింది. "కుడి చెవిని సాంచా తిన్నది బిడ్డా. ఎడమ చెవి దేవుని కోసం దాపెట్టుకున్న," అనేది.

సాంచాలు బందైన రోజుల్లో ఆమె భర్త పోయాడు. ఎలా పోయాడని అడిగిన వాళ్ళున్నారు. అడిగినప్పుడల్లా ఆమె తల కొంచెం తిప్పి, కుడి చెవి వాళ్ళ వైపు పెట్టేది. వాళ్ళు ఇంకోసారి అడిగేవాళ్ళు. ఆ చెవి అలాగే ఉండేది. ఇంక ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

గుడికి ఆమె మొదట వచ్చింది నీళ్ళ కోసం. ఎండాకాలంలో వాడకట్టులో బోర్లన్నీ ఎండిపోతే గుడి ఆవరణలో నల్లా మాత్రం నడిచేది. బిందె నిండేదాకా మెట్ల మీద కూర్చుని లోపల పాటలు వినేది. తర్వాత గడప దగ్గర కూర్చుంది. ఆ తర్వాత చాప మీదికి వచ్చింది. వానలు పడి ఇంటి దగ్గర నీళ్ళు వచ్చాక కూడా బిందె పట్టుకునే వచ్చేది. "ఉత్తచేతులతోని ఎట్ల అస్తం?" అనేది. జ్ఞానస్నానం పొందిన రోజు కూడా ఆ బిందె గోడ పక్కన ఉంది.

జపమాల చెప్పేటప్పుడు ఆమె చేతుల్నే చూసేదాన్ని. బీడీ చుట్టాక బొటనవేలి గోరుతో దాని మూతి లోపలికి వత్తుతారు. జపమాల పూసను కూడా ఆమె అలాగే వత్తేది. ఒక్కొక్క మంగళవార్త జపానికీ ఒక్కొక్క మూతి. సిస్టర్ చూసి, "అవ్వా, అవి పూసలు, బీడీలు కావు," అంటే, "నా వేళ్ళకు ఆ సంగతి తెల్వది సిస్టరూ. మరియమ్మకు ఎర్కనే ఉంటది, ఆమె గూడ పని జేసుకున్న తల్లే గదా," అంది.

మా గుడిలో ఆడవాళ్ళు వంట మొదలుపెట్టే ముందు ఒక గుప్పెడు బియ్యం పక్కకు తీస్తారు. ఆదివారం వాటిని తెచ్చి పీఠం ముందున్న గంపలో పోస్తారు. ఇల్లు గడవని వాళ్ళకు ఆ బియ్యం ఇస్తారు. బీడీ కంపెనీ ఆకు సరిగా ఇవ్వని నెలల్లో అవ్వకూ ఇచ్చేవాళ్ళు. సిస్టర్ సంచి చేతిలో పెట్టగానే ఆమె అక్కడికక్కడే మూతి విప్పి, ఒక గుప్పెడు తీసి మళ్ళీ గంపలో పోసేది. "మొన్న నేను ఏసిన రేషన్ బియ్యం గిట్లనే ఉండె. నావి నాకే అచ్చినట్టున్నయ్," అని నవ్వేది. సంచి తీసుకునేటప్పుడు తల దించుకునే వాళ్ళను చూశాను. ఆమె దించుకోగా చూడలేదు.

నేను ఆమె ఎడమ పక్కన కూర్చునేదాన్ని. పది మందిలో నోరు విప్పడమంటే నాకు భయం. చదువు పీఠం దగ్గర వాక్యం చదవమని బాపు ఎన్నోసార్లు అడిగాడు, నేను ఒప్పుకోలేదు. సిస్టర్ల గదిలో బీరువా నిండా పాత పుస్తకాలుండేవి. పూజ అయ్యాక అందరూ ఆవరణలో మాట్లాడుకుంటుంటే నేను అక్కడికి వెళ్ళి పుస్తకం తీసుకుని కూర్చునేదాన్ని. అవ్వ పక్కన ఉంటే నన్నెవరూ పలకరించేవాళ్ళు కాదు. మా ఇద్దరి తరఫునా ఆమే మాట్లాడేది.

ఇక ఆ మాట సంగతి.

పూజలో సత్ప్రసాదానికి ముందు ఫాదర్ చేతులు చాపి, "ఒకరికొకరు సమాధానం చెప్పుకోండి," అంటారు. అప్పుడు పక్కవాళ్ళ వైపు తిరిగి చేతులు జోడించాలి. మా ప్రార్థనల్లో సమాధానం అంటే శాంతి. పుట్టుకతో గుడికి వచ్చేవాళ్ళకు అది చెప్పనక్కరలేదు. అవ్వకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు సమాధానం అంటే జవాబే. వారమంతా ఎవరైనా ఏదైనా అడిగితే, "ఐతారం చెప్త," అనేది. ఆదివారం పూజలో ఫాదర్ ఆ మాట అనగానే లేచి వెళ్ళి ఎవరి జవాబు వాళ్ళకు చెప్పేది.

"నువ్వు అడిగినవ్ గదా, తొక్కుల ఉప్పు ఎంత ఏసిన్నని. చింతపండు ఎంతనో గంత. అయినా నీకు కుదరది, నీ జాడి మంచిది గాదు," అని గుడంతా వినబడేలా చెప్పేది. చెప్పి, చేతులు జోడించి, వచ్చి కూర్చునేది.

ఒకసారి మా ఇంటి వెనకామె తన కోడలి మీద ఏవో చాడీలు చెప్పి, "తప్పు ఎవలదో నువ్వే చెప్పవ్వా," అందట. ఆదివారం ఫాదర్ చేతులు చాపారు. అవ్వ చాపలు దాటుకుంటూ వెళ్ళి ఆమె చేతులు పట్టుకుంది.

"వారమంత ఆలోచన జేసిన. తప్పు నీదే."

మగవాళ్ళ వైపు నుంచి కూడా నవ్వు వినబడింది. ఇంటి వెనకామె ముఖం ఎర్రబడింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫాదర్ కూడా నవ్వాపుకుంటూ, "అవ్వా, కొంచెం చిన్న సమాధానం చెప్పమ్మా. మనకింకా సత్ప్రసాదం ఉంది," అన్నారు.

"గట్లనే ఫాదరూ. గిదే చిన్నది. పెద్దది ఇంటికి పోయినంక చెప్త," అంది అవ్వ.

ఫాదర్ అన్న మాట అదే. అది ఆమె మనసుకు తగలనే లేదు. పూజ అయ్యాక బిందె నింపుకుంటూ, "ఫాదరుకు ఆకలైతున్నట్టుంది," అని నాతో నవ్వింది కూడా.

ఆమె పొరపాటు గురించి నేను చాలా ముందే బాపుతో అన్నాను. అలాంటివి నన్ను ఊరికే ఉండనివ్వవు. పుస్తకంలో అచ్చుతప్పు కనబడినా పెన్సిలుతో దిద్దుతాను. "అవ్వకు అర్థం చెప్పరాదు బాపూ?" అంటే ఆయన, "ఎందుకు బిడ్డా? ఆమె చెప్పేదాంట్ల అబద్ధం ఏమన్న ఉన్నదా?" అని ఊరుకున్నాడు.

ఆమె కొడుకూ, మా అన్నా ఒకేసారి దుబాయి వెళ్ళారు. మెట్‌పల్లిలో ఒకే ఏజెంటు, ఒకటే కంపెనీ. బయల్దేరే రోజు బస్టాండులో మా అమ్మ ఏడుస్తూ నిలబడింది. అవ్వ ఏడవలేదు. బస్సు కదిలాక దాని వెంట నడుస్తూ, "బువ్వ యాళ్ళకు తినురా! పని పని అని తినకుంట ఉండకు! ఇంటున్నవా, యాళ్ళకు తిను!" అని అరిచింది. బస్టాండంతా తిరిగి చూసింది. కిటికీలోంచి వాడు, "అమ్మా, మెల్లగనే, ఇంటున్న," అని సిగ్గుపడుతూ చెయ్యి ఊపాడు.

మొదట్లో వారం వారం ఫోన్ చేసేవాడు. తర్వాత ఎప్పుడో గాని చేసేవాడు కాదు. తర్వాత ఆ నంబరే పలకడం మానేసింది. అవ్వ ఫోన్ తెచ్చి నాకిచ్చి, నంబరు సరిగా ఉందా చూడమనేది. సరిగానే ఉండేది. ఒకరోజు గుడి గేటు దగ్గర నన్ను ఆపింది.

"మీ అన్నను అడుగు బిడ్డా, మావోడు ఏడున్నడో. ఇప్పుడే చెప్పకు, నీకు తొందర అద్దు. మంచిగ అడిగి, ఐతారం సమాధానం జెప్పు."

ఆ వారంలోనే అన్న ఫోన్ చేశాడు. నేను అడిగాను. "వాడు ఖల్లివెల్లి అయిండు," అన్నాడు.

కంపెనీ నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా బయట పని చేసుకునే వాళ్ళను మా వైపు ఆ మాటే అంటారు. ఆ మాట వినని ఇల్లు మా దగ్గర తక్కువ.

"కంపెనీల జీతం సరిగ ఇస్తలేరు. వాడు ఉండలేక పోయిండు. షార్జాల కార్లు కడుగుతుండు. మంచిగనే ఉన్నడు," అన్నాడు అన్న. "గని అవ్వకు చెప్పద్దన్నడు."

"ఎందుకు?"

"ఫోన్ జేస్తే ఎప్పుడొస్తవురా అంటది. ఏం చెప్పాలె అంటుండు. పాస్‌పోర్ట్ కంపెనీలనే ఉన్నది. పట్టుకుంటే జైలు. జర కుదురుకున్నంక నేనే చేస్త అంటుండు. నువ్వు, మా అన్నకు తెల్వదంట అని చెప్పు, ఏం గాదు."

ఆదివారం దాకా నేను చదువుకోలేదు, సరిగా పడుకోలేదు. తెలియదని చెప్పడం చిన్న పనే. కాని ఆమె నా చేతులు పట్టుకుని, పీఠం ముందు, నా ముఖంలోకి చూస్తూ అడుగుతుంది. నిజం చెబితే అన్న వాడికిచ్చిన మాట పోతుంది. పైగా ఆమెకు గుసగుసగా ఏదీ చెప్పలేం. చెప్పినా ఆమె దాన్ని గట్టిగా తిరిగి అంటుంది. ఆమె కొడుకు దొంగలా తిరుగుతున్న సంగతి నా నోటి నుంచి గుడంతా వింటుంది. గుడికి వెళ్ళకుండా ఉండాలని జ్వరం వచ్చిందన్నాను. అమ్మ నుదురు పట్టుకు చూసి, "లే, మొకం కడుక్కో," అంది.

ఫాదర్ చేతులు చాపారు. "ఒకరికొకరు సమాధానం చెప్పుకోండి."

ఆ రోజు అవ్వ ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. ముందే నా వైపు తిరిగి ఉంది. నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె వేళ్ళ నిండా తంబాకు వాసన.

"ఏమన్నడు బిడ్డా మీ అన్న?"

చుట్టూ తలలు మా వైపు తిరిగాయి. అబద్ధం నోటి దాకా వచ్చి ఆగింది. నిజం కూడా ఆగింది. అప్పుడు నాకు ఇంకొకటి తోచింది. ఆమె ఎడమ చెవి దగ్గరికి వంగాను.

"అవ్వా, ఇక్కడ సమాధానం అంటే జవాబు గాదు. శాంతి అని. ఊకె చేతులు జోడించాలె, అంతే."

"ఏందీ?"

"శాంతి. జవాబులు చెప్పుకునుడు గాదు అవ్వా."

ఆమె నన్ను చూసింది. తర్వాత చాపల మీద ఉన్న అందరినీ, ఒక్కొక్కరినే, చూసింది. ఎవరెవరికి ఏమేం చెప్పిందో గుర్తు చేసుకుంటున్నట్టు అనిపించింది. ఆమె గొంతు మెల్లగా వినడం నాకదే మొదటిసారి.

"మరి గిన్ని రోజుల సంది ఎవ్వలు చెప్పలేదేంది బిడ్డా?"

నేను ఆమె వేళ్ళ వైపు చూశాను.

"నవ్వుకున్నరా?"

"లేదవ్వా," అన్నాను. కొడుకు గురించి చెప్పడానికి రాని అబద్ధం, ఇక్కడ వెంటనే వచ్చింది.

ఆమె నా చేతులు వదిలి, తన చేతులు జోడించింది. అప్పటికి పాట మొదలైంది. అందరూ అటు తిరిగారు. నేను చెప్పిన అర్థంలో తప్పు లేదు. ఏ నిఘంటువు తెరిచినా ఉంటుంది. ఎన్నో నెలలుగా నాకు తెలిసి ఉన్న అర్థమది. అన్నాళ్ళూ చెప్పని దాన్ని, నేను జవాబు చెప్పాల్సిన రోజునే చెప్పాను.

తర్వాతి ఆదివారం ఆమె బిందె తేలేదు. వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటు కాకుండా నాకు అటు పక్కన కూర్చుంది. అంటే ఆమె కుడి చెవి నా వైపు వచ్చింది. చాప అటే ఖాళీగా ఉందని కూర్చుందేమో. నేను ఇప్పటికీ చెప్పలేను. ఫాదర్ చేతులు చాపినప్పుడు ఆమె బడిపిల్లలా చేతులు జోడించి, "శాంతి," అంది. నాకు, వెనకామెకు, ముందున్నామెకు, అందరికీ అదొక్కటే. ఇంటి వెనకామె తనే లేచి వచ్చింది. "ఏందవ్వా, కోడలు మల్ల పుట్టింటికి పోయింది. నాకేం చెప్పవా?" అని అడిగింది. అవ్వ, "శాంతి," అని కూర్చుంది. ఇంటి వెనకామె కాసేపు అక్కడే నిలబడి వెళ్ళిపోయింది.

ఫాదర్ కోప్పడ్డారనే మాట అప్పుడే పుట్టింది. ఎవరైనా, "ఫాదర్ అన్నదానికేనా అవ్వా?" అని అడిగితే ఆమె కాదని చెప్పొచ్చు. నా పేరు చెప్పొచ్చు. ఆమె తల తిప్పి కుడి చెవి చూపించేది. వాళ్ళు దాన్ని అవుననే అనుకునేవాళ్ళు. ఒకసారి ఆ ప్రశ్న అడుగుతుండగా నేను పక్కనే ఉన్నాను. ఆమె నా వైపు చూడను కూడా లేదు.

కొడుకు గురించి నన్ను మళ్ళీ అడగలేదు. గుప్పెడు బియ్యం మాత్రం మానలేదు. గంపలో పోసి, అరచేతికి అంటుకున్న గింజలు కూడా దులిపి వచ్చేది.

ఆ చలికాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. తంబాకు దుమ్ముదని అన్నారు. దగ్గు ఆయాసమయ్యాక బాపు, ఇంకో ఇద్దరు కలిసి జగిత్యాల ఆసుపత్రిలో చేర్పించారు. సిరిసిల్ల నుంచి ఆమె చెల్లెలు వచ్చి దగ్గరుంది. ఫాదర్ వెళ్ళి, జబ్బు మనుషులకు రాసే పవిత్ర నూనె రాసి వచ్చారు. నేను జగిత్యాలలోనే చదువుకుంటాను. రోజూ నా బస్సు ఆ ఆసుపత్రి ముందు నుంచే పోతుంది. అది రాగానే పుస్తకం తెరుచుకునేదాన్ని.

ఒకరోజు బాపు టిఫిన్ డబ్బా తెచ్చి నా సంచిలో పెట్టాడు. "కొడిమ్యాల దిక్కు ప్రార్థన ఉన్నది బిడ్డా, ఇయ్యాల నేను పోలేను. కాలేజీ అయినంక అవ్వకు గీ జావ ఇచ్చి రా," అన్నాడు.

అది ఏ వారమో నాకు బాగా గుర్తు. ఆ వారం ఆదివారం రాకముందే ఆమె పోయింది.

వార్డులో అన్ని మంచాలూ నిండి ఉన్నాయి. ఆమె ఎడమ పక్కకు ఒత్తిగిల్లి పడుకుని ఉంది. అటు పడుకుంటేనే ఊపిరి ఆడుతోందని చెల్లెలు చెప్పి, జావ గిన్నెలోకి వంచుకుని, డబ్బా కడుక్కురావడానికి వెళ్ళింది. ఎడమ చెవి దిండు మీద ఉంది. నాకు కనబడుతున్నది కుడి చెవి.

"అవ్వా," అన్నాను.

కళ్ళు తెరిచింది. నన్ను పోల్చుకుంది. చేతులు జోడించబోయింది. సెలైన్ సూది ఉన్న చెయ్యి లేవలేదు.

ఆ చెయ్యి చూశాక నేను ఇంక ఆగలేకపోయాను. "అవ్వా, అన్నను అడిగిన," అన్నాను. ఆమెకు వినబడలేదు. పెదాలు చూస్తోంది. కొంచెం గట్టిగా అన్నాను. అప్పటికీ అందలేదు. ఆ చెవికి వినబడాలంటే సాంచాల మధ్య మాట్లాడినట్టు మాట్లాడాలి. నేను జీవితంలో ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు.

"నీ కొడుకు షార్జాల ఉన్నడు! కార్లు కడుగుతుండు! కంపెనీల లేడు, బయట చేసుకుంటుండు! మంచిగున్నడు!"

నర్సు తల తిప్పి చూసింది. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉన్న ముసలామె లేచి కూర్చుంది.

"ఎవలు బిడ్డా షార్జాల? మా చిన్నోడు గూడ గాడనే. ఖల్లివెల్లే. మాది చందుర్తి," అంది.

అటువైపు మంచం దగ్గర నిలబడ్డ ఒకాయన, "కార్లు కడుగుడైతే నయమే గదవ్వా. మా తమ్ముడు ఎండల ఇనుప కడీలు మోస్తుండు," అన్నాడు.

ఇంతేనా అనిపించింది. ఏ మాట పది మంది వింటారని భయపడ్డానో, అది ఆ పది మంది ఇళ్ళలోనూ ఉంది.

అవ్వ మాత్రం వాళ్ళ మాటలు వినలేదు. నా ముఖమే చూస్తోంది. కళ్ళు తడిగా ఉన్నాయి. కోపమేమో అని చూశాను, కనబడలేదు. అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతుందని ఎదురుచూశాను. అడిగితే బాగుండేది.

"తింటుండా?" అంది.

అన్నను వాడు ఎక్కడున్నాడో అడిగాను. ఏం పని చేస్తున్నాడో, ఎందుకు ఫోన్ చెయ్యడో అడిగాను. బస్టాండులో బస్సు వెంట నడుస్తూ ఆమె ఏమని అరిచిందో నాకు తెలుసు. అయినా ఈ ఒక్కటీ అడగాలని నాకు తోచలేదు. ఆ సాయంత్రం ఇంటికి రాగానే అన్నకు ఫోన్ చేసి అడిగాను. రూములో అందరికీ వాడే వండుతాడట. పొద్దున చద్ది కూడా కట్టుకుని పోతాడట. ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

కాని ఆ మంచం పక్కన నిలబడ్డప్పుడు నాకు అది తెలియదు. "అడగలేదవ్వా," అని అరిచాను.

ఆమె సూది లేని చేత్తో నా వేళ్ళు పట్టుకుంది. తల కొంచెం దిండు మీద నుంచి ఎత్తి, ఎడమ చెవి బయటికి వచ్చేలా నా వైపు తిప్పింది. వార్డంతా వినబడే గొంతు కాదు అది, దగ్గు మధ్యలో ఎంత వస్తే అంత.

"అడుగు బిడ్డా. ఐతారం సమాధానం జెప్పు."